బిళ్లల పట్టీ

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మన తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలకు మాట వచ్చు, అక్షరం రాదు. బడంతా తమిళమే మరి. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది మాత్రం తమిళ నవల.

మా పిల్లలకైనా తెలుగు అక్షరం రావాలని చెక్క బిళ్లల మీద అక్షరాలు రాసిపెట్టాం. వాటిని వరసగా నిలబెట్టే పట్టీ దేనితో కుట్టాలన్నదే ఇప్పుడు ఇంట్లో పంచాయితీ. అట్ట తడికి మెత్తబడుతుంది. రెగ్జిన్ మడత దగ్గర పగిలి పొట్టు రాలుతుంది. సైకిల్ ట్యూబు నీళ్లకు జంకదు గానీ చేతులు నల్లగా చేస్తుంది. నా ఓటు పాత ఫ్లెక్సీకే. లోపల పాలిస్టర్ దారాల వల, పైన పీవీసీ పూత. పెళ్లిళ్లకూ పార్టీలకూ కట్టిన బ్యానర్లు ఇక్కడేమైనా కరువా! మడిచి గాడిలా కుడితే బిళ్ల నిలబడుతుంది, మురికైతే తడిగుడ్డ చాలు.

ఫ్లెక్సీ కుట్టేటప్పుడు గుండుసూదులు మాత్రం గుచ్చకండి, ఆ చిల్లు పూడదు. బట్టల క్లిప్పులు పెట్టుకోండి. కుట్లు ఎడంగా పడాలి, దగ్గరదగ్గరగా వేస్తే ఆ గీత వెంటే చిరుగుతుంది. ఇస్త్రీపెట్టెను దగ్గరికి రానివ్వొద్దు.

మా అత్త కత్తిరించిన ముక్కలో ఎవరో నాయకుడి మీసం సగం వచ్చింది. పిల్లలకు అదే కావాలట.