పాత బండి హిసాబ్



బండి కొన్నామని తెలిసిన దగ్గర్నుంచి ఖాందాన్‌లో అందరూ రెండే అడుగుతున్నారు. ఎంతకి? ఎవరి పేర? మొదటిదానికి జవాబు ఒక్క ముక్క. నాలుగు లక్షల అరవై వేలు. రెండోది చెప్పాలంటే మొత్తం హిసాబ్ చెప్పాలి. మన ఇళ్లలో చాలామందికి ఇప్పుడు ఇదే ఫికర్ ఉంది కాబట్టి, ఏం చూశామో, ఏం వదులుకున్నామో పూర్తిగా రాస్తున్నాను.

మేం ఉండేది తెనాలి. నా నౌకరీ బాపట్లలో. మైకా రేపల్లె. తెనాలి నుంచి బాపట్లకి రైలుంది. చుండూరు, మోదుకూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా మద్రాసు లైను. తెనాలి నుంచి రేపల్లెకీ రైలుంది, వేమూరు, భట్టిప్రోలు మీదుగా. కానీ ఆ పట్టాలు రేపల్లెలోనే ఆఖరు. రేపల్లెకీ బాపట్లకీ మధ్య సూటిగా రైలు లేదు, తెనాలి వచ్చి మారాల్సిందే. ఇన్నేళ్లూ అలాగే నెట్టుకొచ్చాను. పోయిన ఏడాది అబ్బాకి గుండెలో స్టెంటు వేశాక లెక్క మారిపోయింది. అమ్మీ ఫోన్ చేసేది జొహర్ వేళ అయితే, బాపట్లలో రైలు కోసం ఆగి, తెనాలిలో బస్సు పట్టుకుని రేపల్లె చేరేసరికి మగ్రిబ్ అజా వినిపించేది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. దగ్గర్లో ఉన్న ఔలాద్‌ని నేనే.

మా దగ్గర ఉన్నది అయిదు లక్షలు. నా జీతంలోంచి ఆరేళ్లు దాచింది. సూద్ మీద ఖర్జ్ తీసుకోకూడదని ముందే అనుకున్నాం. అమ్మీ తన ఉమ్రా కోసం దాచుకున్న లక్షన్నర తీసి చేతిలో పెట్టబోయింది. "ఇది కలిపితే కొంచెం కొత్త బండి వస్తుంది కదా బేటీ" అంది. తీసుకోలేదు. ఆ డబ్బు నీయ్యత్ వేరు. అందుకని అయిదు దాటకూడదు, అందులోనే అన్నీ రావాలి.

తెనాలిలో షెడ్ నడిపే మా మామూ దగ్గరికి మషవరాకి వెళితే ఆయన ముందు డబ్బు గురించే మాట్లాడాడు. "అయిదుంటే అయిదు పెట్టి కొనకు. నాలుగున్నర దగ్గర ఆగు. పాత బండి ఇంటికొచ్చిన మొదటి మూడు నెలలు తింటది. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, ఇన్సూరెన్స్, పేరు మార్పిడి. దానికి డబ్బు లేకపోతే అరిగిన టైర్ల మీదే తిరుగుతావ్."

ఇక పెట్రోలా డీజిలా. బాపట్లకి రానూపోనూ తొంభై కిలోమీటర్లు అనుకోండి. లీటరుకి పద్దెనిమిది వస్తే అయిదు లీటర్లు, లీటరు నూట పది చొప్పున రోజుకి అయిదువందల యాభై. ఒక్కదాన్నే అయితే ఈ ఖర్చు మోయలేను. నాతో పనిచేసే ఇద్దరు టీచర్లు తెనాలి నుంచే వస్తారు. ముగ్గురం పంచుకుంటే మనిషికి నూట ఎనభై చిల్లర. డీజిల్ అయితే ఇంకా తగ్గేది, నిజమే. కానీ మారుతి లాంటి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ బళ్లే ఆపేసింది. మా బడ్జెట్‌లో దొరికే చిన్న డీజిల్ కార్లు చాలావరకు లక్ష కిలోమీటర్లు దాటినవి. ఇంజెక్టర్లు, టర్బో ఒక్కసారి పోయాయంటే ఏడాది మిగిల్చింది ఒక బిల్లులో పోతుంది.

తమ్ముడికి మాత్రం కావాల్సింది వేరే. "ఆపా, తీసుకుంటే జల్దీ పోయే బండి తీసుకో, పోలో జీటీ టీఎస్‌ఐ చూడు" అని రోజూ ఫొటోలు పంపేవాడు. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. కాదనడానికి ఏమీ లేదు, ఆ బండి నిజంగానే జోరుగా పోతుంది. నాకూ జోరు కావాలి. ఎందుకో మా దారులు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వరికోతల రోజుల్లో ప్రతి మలుపు దగ్గరా వెనక లైట్లు లేని ట్రాక్టరు, ట్రక్కు. సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. రేపల్లె నుంచి బాపట్ల పోయే 216 జాతీయ రహదారి మీద ఎదురుగా లారీలు. దాటడానికి చోటు కొంచెమే దొరుకుతుంది. ఆ కొంచెంలో దాటేయగలగాలి.

మామూ దీన్ని కాగితం మీద వేసి చూపించాడు. ట్రాక్టరు 40 మీద పోతోంది. దాని వెనక వదిలిన జాగా, దాని పొడవు, ముందు వదలాల్సిన జాగా కలిపితే 40 మీటర్లు. మనం 60 మీద దాటితే ఏడు సెకన్లు పైనే పడుతుంది. ఆ ఏడు సెకన్లలో మనం 120 మీటర్లు పోతాం, ఎదురుగా 60 మీద వచ్చే లారీ ఇంకో 120 వచ్చేస్తుంది. అంటే 240 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి. అదే 80 మీద దాటితే మూడున్నర సెకన్లు, 140 మీటర్లు చాలు. "నీకు కావాల్సిన జోరు ఇదే బేటీ. నలభై నుంచి ఎనభైకి ఎంత తొందరగా పోతదో చూడు. నూట అరవై పోతదా లేదా అన్నది మనకెందుకు?"

దీన్ని పట్టుకుని బళ్లు చూడ్డం మొదలుపెట్టాం. ఒక ఎహతియాత్ కూడా చెప్పాడు మామూ. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లొద్దు. రోజూ ఎంతమంది కూర్చుంటారో అంతమందినీ కూర్చోబెట్టి, ఏసీ వేసి చూడాలి. చిన్న కారుకి ముగ్గురు మనుషుల బరువంటే తక్కువ కాదు. డ్రైవర్ ఒక్కడే ఉంటే పరిగెత్తే బండి నలుగురు ఎక్కేసరికి ఆయాసపడుతుంది. అందుకే నా ఇద్దరు కొలీగ్స్ కూడా మూడు ఆదివారాలు మాతో తిరిగారు, పాపం.

జీటీ టీఎస్‌ఐ మా డబ్బుకి దొరికేవి పదేళ్ల నాటివి. ఆ గేర్‌బాక్స్‌కి ఏదైనా అయితే మామూ షెడ్‌లో తేలేది కాదు, గుంటూరో విజయవాడో పోవాలి, ఖర్చూ పెద్దదే. పోలో తయారీ కూడా 2022లో ఆగిపోయింది. మామూలు పోలో పెట్రోల్ అయితే డబ్బుకి సరిపోతుంది గానీ, బరువుకి తగ్గ ఇంజను కాదు. ముగ్గురితో ఎక్కించి చూస్తే ట్రాక్టరు వెనకే ఉండిపోయాం. హోండా బ్రియో నాకు బాగా నచ్చింది. 88 హార్స్‌పవర్, బరువు తక్కువ, గేరు దించితే చురుగ్గా లేస్తుంది. కానీ అందులో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు పై మోడళ్లలోనే వస్తాయి, మాకు దొరికినవాటిలో అవి లేవు.

మిగిలింది స్విఫ్ట్. 2018 ఫిబ్రవరిలో వచ్చిన మోడల్. 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, 83 హార్స్‌పవర్, బరువు 900 కిలోల లోపే. మన దేశంలో చిన్న ఇంజన్లన్నీ 1200కి కొంచెం తక్కువలో ఎందుకు ఆగుతాయని మా అబ్బాయి అడిగాడు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజను ఉంటే పన్ను తక్కువ, అదీ సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి కొత్త కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది తగ్గినప్పుడు పాతదాని ధర కూడా దిగాలి కదా. బేరమాడేటప్పుడు ఈ మాట తప్పకుండా ఎత్తండి. మాకు పనికొచ్చింది.

ఈ స్విఫ్ట్‌లో అన్ని మోడళ్లకీ రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్ది చూసిన పరీక్షలో 2018లో ఈ స్విఫ్ట్‌కి వచ్చినవి రెండు స్టార్లే. రెండు ఎయిర్‌బ్యాగుల పోలోకి 2014లోనే నాలుగు వచ్చాయి. తమ్ముడు ఇది పంపాక రెండు రాత్రులు నాకు నిద్రలేదు. మా ఆయనతో కూర్చుని ఆలోచించాం. గట్టి బండి, చురుకైన బండి, చవక బండి, మూడూ కలిసి మా అయిదు లక్షల్లో రావు. ఒకటి వదులుకోవాలి, వదులుకున్నామని గుర్తుంచుకుని నడపాలి. దాటడానికి తప్ప ఎనభై మీద నడపను. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోందే బండి కదలదు. కొలీగ్స్‌కి మొదట చిరాకేసింది. ఇప్పుడు అలవాటైంది.

ఏ మోడలో తేలాక ఏ బండో తేలాలి. ఇక్కడే ధోకాలు ఎక్కువ. విజయవాడలో ఒక షోరూంలో తళతళలాడే స్విఫ్ట్ చూపించారు, రేటు కూడా తక్కువ. మామూ ఇంజను జోలికే పోలేదు. డ్రైవర్ సీటు బెల్టుని చివరిదాకా లాగాడు. ఆఖరి జానెడులో మట్టిచార. సీటు కింద పట్టాలు తుప్పు. కార్పెట్ ఎత్తితే నీచువాసన. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఎన్ని బళ్లు మునిగాయో మనకు తెలుసు. వాటిని బాగుచేసి అమ్మడం తప్పు కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు. సరుకులో ఐబ్ ఉంటే కొనేవాడికి చెప్పి అమ్మాలని మనకి చిన్నప్పుడే నేర్పుతారు. నీళ్లలో మునిగిన బండికి వైర్లు, కంప్యూటరు ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరికీ తెలీదు. అర్ధరాత్రి అబ్బాని ఎక్కించుకుని పోయే బండి అలాంటిది కాకూడదు.

సూర్యలంక, నిజాంపట్నం వైపు తిరిగిన బళ్లకి ఇంకో జబ్బు. ఉప్పుగాలి. పైన పెయింట్ బాగానే ఉంటుంది, కింద సైలెన్సరు, బ్రేకు పైపులు తినేసి ఉంటాయి. ర్యాంపు మీద ఎక్కించి కిందనుంచి చూడనిదే బయానా ఇవ్వొద్దు. హైదరాబాద్ బండి చవగ్గా వస్తుందని తమ్ముడు చెప్పాడు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కలిపితే చవక కాదు.

చివరికి బండి బాపట్లలోనే దొరికింది. రిటైరయిన పెద్దాయన, ఒక్క చేతి బండి, ఏపీ 07 నంబరు, అరవై ఎనిమిది వేల కిలోమీటర్లు, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి. పొద్దున్నే వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే అడిగాం. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. మొదటి తిప్పుకే అందుకుంది, పొగ లేదు. మేం అడక్కముందే ఆయన చెప్పాడు, "క్లచ్ ఇంకో అయిదారు వేలకి మార్చాలమ్మా. ఎడమ తలుపు ఒకసారి గీసుకుంటే పెయింట్ వేయించా. టైర్లు మొదటివే." టైరు పక్కన నాలుగంకెలు చూశాం. 1418. అంటే 2018లో పద్నాలుగో వారం. గాట్లు బాగానే కనిపిస్తున్నా రబ్బరు రాయిలా ఉంది. అయినా ఆయన చెప్పినదానికీ మామూ చూసినదానికీ తేడా రాలేదు. ఆ రోజే ఖాయం చేశాం.

మిగిల్చిన నలభై వేలలో మొదట కొన్నది నాలుగు కొత్త టైర్లు. ఎనభై మీద ఉన్నప్పుడు బ్రేకు నొక్కాలని మనసుకి తట్టి కాలు పడేలోపు ఒక్క సెకనులోనే 22 మీటర్లు పోతాం. ఆ తర్వాత బండిని ఆపేది టైర్లే. పెట్రోల్‌లో ఇప్పుడు ఇథనాల్ కలుస్తోంది కాబట్టి రబ్బరు పైపులు కూడా మామూ చూశాడు. క్లచ్‌కి వచ్చే జీతంలో తీస్తాను, ఇన్షా అల్లాహ్.

కాగితాల దగ్గర తొందరపడొద్దు. ఫారం 29, 30 మీద సంతకాలు, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు మిగిలి ఉంటే ఫారం 35. ఇన్సూరెన్స్ మన పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లో అర్జీ పెట్టాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు, అది ఆయన హఖ్.

ఇక రెండో ప్రశ్న. సంతకాల రోజున మా ఫుప్పు ఫోన్ చేసి, "అల్లుడి పేర రాయించండి, బాగుంటుంది" అంది. ఆవిడ మాటలో బురాయీ ఏమీ లేదు, ఎప్పుడూ అలాగే జరిగింది కాబట్టి అంది. ఆడదాని కమాయీ ఆడదానిదేనని మన దీన్‌లోనే ఉంది. అది చాలా ఇళ్లలో బ్యాంకు పుస్తకం దాకా వస్తుంది, ఆర్‌సీ దాకా రాదు. మా ఆయన ఫోన్ తీసుకుని, "డబ్బు ఆమెది, నడిపేది ఆమె, పేరు కూడా ఆమెదే ఫుప్పు" అన్నారు. ఫుప్పు కాసేపు ఊరుకుని, "సరే, మరి నన్ను చీరాల ఎప్పుడు తీసుకెళ్తది?" అని అడిగింది.

బండి నా పేరు మీదే ఉంది. అబ్బాని వచ్చే మంగళవారం గుంటూరు చెకప్‌కి తీసుకెళ్తున్నాను. అమ్మీ ఉమ్రా డబ్బు అమ్మీ దగ్గరే భద్రంగా ఉంది. దువా చేయండి.