పుస్తకం చివరి పేజీలు

క్రొత్త పుస్తకం చేతికి రాగానే మీరు ముందుగా ఏ పేజీ తెరుస్తారు? నేను చివరి పేజీలు తెరుస్తాను. ప్రచురణకర్తలు తమ రచయితలను గురించి, అనువాదకులను గురించి, తాము వేసిన ఇతర పుస్తకాలను గురించి నాలుగు మాటలు అక్కడ వేస్తారు. అది వ్యాపార ప్రకటనే కదా అని మా వారంటారు. నిజమే. కాని పటాన్‌చెరు, ఇస్నాపూరు వైపు ఎన్ని ఫ్యాక్టరీలున్నా మంచి తెలుగు పుస్తకాలు అమ్మే దుకాణం వెదకాలి. ఏ పుస్తకం వచ్చిందో, ఎవరు వ్రాశారో మావంటి వారికి తెలిసేది ఆ పేజీల వల్లనే.

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. సి.కె. నారాయణరెడ్డి గారు, గీతా రామస్వామి గారు మొదలైనవారు 1980లో ప్రారంభించారు. సామాన్యులు కొనగల వెలకు పుస్తకాలు ఇవ్వాలన్నది వారి ఉద్దేశం. ‘వైద్యుడు లేని చోట’ వారు వేసినదే. దాని మూల రచయిత డేవిడ్ వెర్నర్ డాక్టరు కాడు, బడిలో పాఠాలు చెప్పిన మనిషి! మెక్సికో కొండ పల్లెల్లో జనంతో కలిసి పనిచేస్తూ, వారికోసం మొదట స్పానిష్ భాషలో వ్రాశాడు.

‘ఏడు తరాలు’ సంగతీ అంతే. అమెరికాలో 1976లో వచ్చిన అలెక్స్ హేలీ పుస్తకాన్ని సహవాసి గారు తెలుగు చేశారు. హేలీ చాలా ఏళ్ళు అమెరికా తీరరక్షక దళంలో ఉన్నాడు. మొదట ఓడలో వంటశాల పని. అమ్మమ్మ ఇంటి వసారాలో చిన్ననాడు విన్న పూర్వీకుల మాటలే ఆ పుస్తకానికి విత్తనం. అందులోని వంశ వివరాలన్నీ సరియైనవేనా అని తరువాత పరిశోధకులు ప్రశ్నించారు. అయినా మన పల్లెల్లో ఆ కథ చదివి కంటతడి పెట్టనివారు తక్కువ.

అయితే మా ఇంటిని కదిలించినది ‘మా నాయన బాలయ్య’. వై.బి. సత్యనారాయణ గారు 2011లో ఆంగ్లంలో ప్రచురించిన తమ కుటుంబ చరిత్ర ఇది. పి. సత్యవతి గారు తెలుగు చేయగా ఇదే సంస్థ వేసింది. (‘ఒక హిజ్రా ఆత్మకథ’ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి పొందినవారు ఈ సత్యవతి గారే.) కరీంనగర్ ప్రాంతపు వంగపల్లిలో ఒక మాదిగ కుటుంబం. భార్య కలరాతో చనిపోగా, తాత పసివాడైన కొడుకును భుజాన వేసుకొని ఊరు విడిచి రైల్వే పనికి నడిచాడు. ఆ పసివాడే బాలయ్య. ఆయన రైల్వేలో చిన్న ఉద్యోగం చేస్తూ పిల్లలను చదివించాడు. వారిలో ఒకరు రసాయనశాస్త్ర ఆచార్యులై ఈ పుస్తకం వ్రాశారు.

రాత్రి షిఫ్టుకు మా వారు వెళ్ళిన తరువాత ఈ పుస్తకం మా అత్తమ్మకు చదివి వినిపించేదాన్ని. ఆమెకు అక్షరాలు రావు. ఫ్యాక్టరీలు క్రొత్తగా లేస్తున్న రోజుల్లో జోగిపేట వైపునుండి మామయ్యతో కలిసి, నెత్తిన గిన్నెల మూటతో వచ్చిన మనిషి. తాత ఊరు విడిచే భాగం వినగానే ఆపమన్నది.

“మా ముచ్చట గూడ గిట్లనే ఉంటది గద బిడ్డా, గిది పుస్తకం ఎట్లయింది?” అని అడిగింది.

“ఆయన కొడుకు రాసిండత్తమ్మా” అన్నాను.

కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “మరి మనది ఎవరు రాస్తరు?” అన్నది.

మరునాడు మా పెద్దవాడి పాత లెక్కల నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు తీశాను. ఆమె చెప్పగా వ్రాసుకుంటున్నాను. ఏ చెరువు క్రింద కూలికి పోయారు, కరువులో ఏ గడ్డలు తిన్నారు, గుట్టలు పేల్చి ఫ్యాక్టరీ పునాదులు తీసినప్పుడు కూలి ఎంత ఇచ్చారు, అన్నీ చెబుతుంది. వయస్సు వల్ల ఒక్కొక్క సంగతి రెండు విధాలుగా వస్తుంది. రెండూ వ్రాస్తున్నాను. పేర్ల దగ్గరే చిక్కు. మామయ్యకు తాత పేరు సాయన్న. ఆ సాయన్న తండ్రి పేరు అత్తమ్మకు తెలియదు.

జోగిపేటలో మామయ్యకు వరుసకు మేనత్త ఒకరున్నారు. తొంభై దగ్గర పడుతున్నాయి, మాట ఇంకా స్పష్టంగానే ఉన్నదట. వచ్చే సెలవుకు నోటుపుస్తకం తీసుకొని ఆమె దగ్గరకు బయలుదేరుతున్నాం. అత్తమ్మ ఇప్పటికే చీర మడిచి పెట్టుకున్నది.