జాకీని నమ్మవద్దు

అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత ఆయన కారు ఎనిమిది నెలలపాటు ఇంటి వెనుక రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. దానిని అమ్మడానికి అమ్మీజాన్ మనసు ఒప్పలేదు, నడపడానికి మా అన్నదమ్ముల మనసు ఒప్పలేదు. మాది మచిలీపట్నం. ఇక్కడి ఉప్పుగాలికి కొత్త గొళ్లెం కూడా ఒక్క వానాకాలంలో ఎర్రబడుతుంది. ఇరవై ఏళ్లు దాటిన ఆ చిన్న కారు సంగతి చెప్పనక్కరలేదు.

అమ్మీజాన్ కంటి ఆపరేషన్ కోసం విజయవాడకు వెళ్లవలసి వచ్చినప్పుడు దానిని బయటకు తీశాము. పామర్రు దాటిన తరువాత బ్రేకు తొక్కినప్పుడల్లా పెడలు పాదం కింద దడదడలాడింది, స్టీరింగు వణికింది. వెనుక సీటులో తస్బీహ్ తిప్పుతున్న అమ్మీజాన్ "మీ అబ్బా నడిపితే ఇలా ఉండేది కాదు" అని మాత్రం అన్నారు. తిరిగి వచ్చాక మెకానిక్‌కు చూపిస్తే, డిస్కులు మార్చాలి, వారం తరువాత రండి అన్నాడు. కన్ను మళ్లీ చూపించవలసిన రోజు నాలుగు రోజుల్లోనే ఉన్నది. అందుచేత కొత్త డిస్కులు, ప్యాడ్లు కొని ఇంటికి తెచ్చి, మేమే విప్పడానికి పూనుకొన్నాము. అబ్బాజాన్ తన కారు పనులన్నీ తానే చేసుకొనేవారు. ఆ పనులలో మా పాత్ర టార్చి పట్టుకోవడం వరకే. అయినా చూసిన పనే కదా అనిపించింది.

బ్రేకు డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే గుండ్రని ఇనుప పళ్లెం. పెడలు తొక్కితే రెండు ప్యాడ్లు దానిని ఇరువైపులా నొక్కి పట్టుకొంటాయి. అది హబ్బు మీద బోర్లించిన గిన్నెలా కూర్చుంటుంది. మా కారులో చక్రపు నట్ల బిగింపు తప్ప దానిని పట్టి ఉంచే మేకు గానీ మర గానీ వేరే లేదు. చక్రం తీస్తే డిస్కు చేతిలోకి రావాలి. కానీ తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందులో పుట్టిన తుప్పు ఉబ్బి, డిస్కునూ హబ్బునూ ఒకే ముద్దగా బిగదీస్తుంది.

శుక్రవారం జుమా నమాజు ముగించుకొని వచ్చి పని మొదలుపెట్టాము. వెనుక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, నట్లు కాస్త వదులు చేసి, జాకీతో కారు లేపాము. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం అబ్బాజాన్ అలవాటు. చిన్నప్పుడు కారణం అడిగితే "జాకీని నమ్మవద్దు బేటా" అనేవారు. ఆయనకు అన్నింటి మీదా అనుమానమే అని చాటున నవ్వుకొనేవాళ్లము. ఆ రోజు కూడా నవ్వుకొంటూనే చక్రాన్ని అక్కడికి దొర్లించాము.

క్యాలిపర్ విప్పి, బ్రేకు ఆయిలు పైపు మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టాము. డిస్కు నడుమ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, సుత్తితో చుట్టూ మోదాము. గంట గడిచినా వెంట్రుకవాసి కదలలేదు. మాలో పట్టుదల స్థానంలో కోపం ప్రవేశించింది. పెద్ద సుత్తి తెచ్చాము. కాలు నేలకు తన్నిపెట్టి రెండు చేతులతో డిస్కును ఊపి లాగాము. కారు ఒక్కసారిగా ఒరిగింది, జాకీ పక్కకు జారింది. ఆ క్షణంలో మాలో ఒకరి చేయి హబ్బు కింద ఉన్నది. కారు పడుకోబెట్టిన టైరు మీదికి దిగి ఆగిపోయింది. చేతికీ ఇనుముకూ నడుమ బెత్తెడు సందు మిగిలింది.

చప్పుడు విని అమ్మీజాన్ వంటింట్లో నుంచి "ఏమైంది?" అని అడిగారు. "ఏమీ లేదు, సుత్తి జారింది" అన్నాము.

పక్కింటి చాచా బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవారు. ఆయన వచ్చి ముందు మమ్మల్ని తిట్టారు. తరువాత తన ఇంటి నుంచి రెండు ఇనుప స్టాండ్లు తెచ్చి, కారు బరువు వాటి మీద కూర్చున్నదాకా మమ్మల్ని దగ్గరకు రానివ్వలేదు. డిస్కు మీద తుప్పుతో పూడిపోయిన రెండు చిన్న రంధ్రాలను చూపి "ఇవి దేనికనుకొన్నారు బేటా, గాలి ఆడడానికా?" అన్నారు. మేము వాటిని అంతవరకు గమనించనే లేదు. తీగతో పొడిచి శుభ్రం చేస్తే లోపల మరలు బయటపడ్డాయి. హార్డ్‌వేర్ దుకాణంలో ఏ మూలనైనా దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు వాటిలో సరిగ్గా పట్టాయి. ఆ బోల్టుల కొన హబ్బు ముఖానికి తగిలి ఆగుతుంది. ఇక తిప్పేకొద్దీ డిస్కే వెనక్కి రావాలి. ఒకదానినే బిగిస్తే డిస్కు వంకరగా పట్టుకొంటుంది, బోల్టు కూడా విరగవచ్చు. అందుకని దీనిని పావు చుట్టు, దానిని పావు చుట్టు, మధ్యలో ఒక చిన్న సుత్తి దెబ్బ. చాచా పానా ముట్టుకోలేదు, కుర్చీలో కూర్చొని లెక్కపెట్టారు. పదో పన్నెండో పావులు అయ్యాక టక్కుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది. రెండు గంటలు మా బలానికి లొంగని ఇనుము వడిలో పడ్డది. రెండో వైపు మరలు కొంత అరిగి ఉండడంతో రాత్రంతా నూనెలో నానబెట్టి మరునాడు తీశాము.

అన్ని కార్లకూ ఈ రంధ్రాలు ఉండవు. కొన్నింటిలో డిస్కును పట్టి ఉంచే చిన్న స్క్రూలుంటాయి. అవి బిగుసుకొంటే మామూలు స్క్రూడ్రైవరుతో తల అరగదీసుకోవద్దని, సుత్తి దెబ్బకు తిరిగే ప్రత్యేకమైన డ్రైవరు వాడాలని చాచా చెప్పారు.

ఊడివచ్చిన డిస్కును తిప్పి చూసినప్పుడు మాకు నోట మాట రాలేదు. బయటి ప్యాడు సగం మిగిలి ఉంటే, లోపలి ప్యాడు పూర్తిగా అరిగి దాని వెనుక రేకు డిస్కును గీస్తున్నది. క్యాలిపర్ జరగవలసిన పిన్ను తుప్పుతో బిగుసుకొన్నందున భారమంతా ఒక వైపే పడ్డది. డిస్కు అంచున ముద్రించిన కనీస మందం కన్నా మా డిస్కు సన్నగా ఉన్నది. ఆ బ్రేకుతోనే అమ్మీజాన్‌ను విజయవాడకు తీసుకువెళ్లి తెచ్చాము.

అబ్బాజాన్ మంచం పట్టిన చివరి సంవత్సరం ఆ కారు మేమే నడిపాము. "లోపలి ప్యాడ్లు చూశారా?" అని ఆయన ఒకసారి అడిగారు. చూశామన్నాము. చూసింది బయటివి మాత్రమే.

మిగిలిన పనిలో ఎక్కడా తొందరపడలేదు. తుప్పు పొర మిగిలితే కొత్త డిస్కు కూడా వంకరగా కూర్చొని పెడలు మళ్లీ వణుకుతుందని చాచా హెచ్చరించారు. అందుచేత హబ్బు ముఖాన్ని తీగల బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, వేడికి కరగని గ్రీజు పలుచగా పూశాము. బ్రేకు దుమ్మును నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచాము. పిన్నులు శుభ్రం చేశాము, కొత్త డిస్కుల మీది నూనె పొరను తుడిచేశాము. చివరకు కారు కదపకముందే పెడలు గట్టిపడేదాకా నిలిచిన చోటే తొక్కాము. సందులో రెండుసార్లు మెల్లగా నడిపి చూశాక గానీ రోడ్డెక్కలేదు.

రెండవసారి విజయవాడ వెళ్లేటప్పుడు పామర్రు దగ్గర గేదెలు అడ్డం వచ్చాయి. బండి వణకకుండా ఆగింది. అమ్మీజాన్ ఏమీ అనలేదు, తస్బీహ్ ఆగలేదు.

ఇప్పుడు ఆ కంటితో ఆమె ఈ పత్రికను అట్ట నుంచి అట్టదాకా చదువుతున్నారు. జారినది సుత్తి కాదని ఈ సంచిక ఇంటికి రాకముందే మేము చెప్పుకోవలసి ఉన్నది.