కిణ్వశాలలో ఒక పూట

మద్యాన్ని గూర్చి నేను టపా రాస్తానని నన్నెరిగినవారెవరూ అనుకొని ఉండరు. నేనూ అనుకోలేదు. ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు శతకపద్యాలు వల్లె వేయించిన తెలుగు పండితుడికి బ్రూవరీతో పనేమిటి? కాని అక్కడ చూచినదానికంటె అక్కడ గుర్తుకు వచ్చినది నన్ను ఎక్కువగా వేధిస్తున్నది. అందుకే ఈ టపా.

గత వేసవిలో మా అమ్మాయిని చూడడానికి ఇంగ్లండు వెళ్ళాము. ఒక శనివారం అల్లుడు "మామయ్యా, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో హుక్ నార్టన్ అని ఒక పల్లెటూరున్నది. అక్కడ 1899 నాటి ఆవిరియంత్రం ఉంది, చూద్దురుగాని రండి" అన్నాడు. ఆ యంత్రం ఉన్నది బ్రూవరీలో అన్న సంగతి సగం దారిలో గాని చెప్పలేదు. నేను ముఖం మాడ్చుకొన్నాను. అమ్మాయి కిటికీ వైపు తిరిగి నవ్వుకొన్నది.

పచ్చని పొలాల నడుమ గోపురంలా లేచిన కట్టడమది. జాన్ హారిస్ అనే ఆయన 1849లో ఆ ఊళ్ళో స్థాపించిన వ్యాపారమట. ఇప్పుడున్న ఆరంతస్తుల కట్టడం 1900 ప్రాంతపుది. అంత ఎత్తు దేనికని అడిగాను. మమ్మల్ని తిప్పి చూపించిన పెద్దమనిషి కిందికి వేలు చూపి నవ్వాడు. నీటిని, ధాన్యాన్ని ఒక్కసారి పైకి చేరిస్తే చాలు, ఆపైన ఒక్కొక్క పని ముగియగానే సరుకు తన బరువుతో తానే కింది అంతస్తుకు దిగుతుంది. పైకి ఎక్కించే ఆ పని చాలావరకు 2006 దాకా ఆవిరియంత్రమే చేసిందట. శ్రమను ఆదా చేయడానికి మనిషి భూమ్యాకర్షణను ఎంత చక్కగా కూలికి కుదుర్చుకొన్నాడో అనిపించింది.

ముందుగా మా దోసిట్లో కొన్ని గింజలు పోశారు. అవి యవలు, అంటే బార్లీ. నానబెట్టి, మొలక రాగానే వేడిగాలికి ఆరబెట్టినవి. నోట్లో వేసుకొని నమిలితే కమ్మగా, తియ్యగా ఉన్నాయి. మా అమ్మ రాగులను మూటగట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి విసిరేది. ఆ రుచే! "రాగిమాల్టు" అని ఇన్నేళ్ళుగా అంటున్నా ఆ మాల్టు అంటే ఏమిటో నేనెన్నడూ ఆలోచించలేదు. మొలకెత్తించిన ధాన్యమే మాల్టు.

మొలక ఎందుకన్నది కూడా అక్కడే తెలిసింది. తాటికల్లుకు ఈ తంటా లేదు. గీసిన గెల నుంచి కారే నీరాలోనే చక్కెర ఉంటుంది కనుక అది లొట్టిలో తనంత తానే పులుస్తుంది. ధాన్యంలో ఉన్నది పిండిపదార్థం. అది ముందు చక్కెరగా మారాలి. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే శక్తే ఆ పని చేసి పెడుతుంది. మొలకధాన్యాన్ని మరపట్టి, దాదాపు 65 డిగ్రీల వేడినీటిలో గంటసేపు నానబెడితే తియ్యని రసం దిగుతుంది. దానిలో హాప్స్ అనే తీగ పూలను వేసి మరిగిస్తారు. చేదు, పరిమళం వాటివల్లనే. చల్లార్చి ఈస్టు కలుపుతారు. కొద్ది రోజుల్లో అదే ఏల్ అవుతుంది. మిగిలిన పిప్పి పశువుల దాణాకు పోతుంది. సారా వలె దీన్ని కాచి ఆవిరి పట్టరు. ఇది పులిసినదే గాని వడిసినది కాదు.

పులుస్తున్న తొట్టెల మీద మీగడలాగా నురుగు పొంగి ఉన్నది. చూడగానే "కిణ్వం" అన్న మాట నోటికి వచ్చింది. సైన్సు మాస్టార్లు కిణ్వప్రక్రియ అని చెప్పే ఆ మాట నిన్న మొన్న పుట్టించినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడికి ఒక అధ్యాయమే ఉంది. మినుములతో, బియ్యంతో కిణ్వాన్ని సిద్ధం చేసే పద్ధతి అందులో చెప్పాడు. అంత పాత మాటకు ప్రాణమున్న రూపం నాకు అరవై దాటాక, పరాయి దేశంలో కనిపించింది.

చివరికి మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న గాజు గ్లాసులు పెట్టారు. "హుకీ" అనేది తేలిక, 3.5 శాతం. "ఓల్డ్ హుకీ" 4.6. రాగిచెంబు రంగు. అల్లుడు కారు నడపవలసినవాడు కనుక ఒక్క గుటకతో సరిపెట్టాడు. నేను గ్లాసు ఎత్తి వాసన చూచాను. కాల్చిన రొట్టె వాసన, దాని వెనుక ఏదో పండు. దుర్వాసన ఉంటుందనుకొన్నాను. లేదు.

సరిగ్గా అప్పుడు నాకు నెల్లూరు జిల్లా గుర్తుకు వచ్చింది.

1991లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు మా ఊళ్ళో రాత్రిబడి నాకు అప్పగించారు. లాంతరు వెలుగులో ఇరవైమంది ఆడవాళ్ళు. అప్పటి సారా పొట్లాలలో వచ్చేది. 1980లలో ప్రభుత్వం పెట్టిన ఆ సరఫరా పథకానికి "వారుణివాహిని" అని పేరు. పాలసముద్రాన్ని చిలికినప్పుడు పుట్టిన దేవత పేరు! పండితుడెవరో పెట్టి ఉంటాడు. మా వాచకంలో "సీతమ్మ కథ" ఉండేది, తాగుబోతు భర్త చేతిలో నలిగిన ఇల్లాలి కథ. ఆ తరువాత "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠం వచ్చింది. అందులో దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించిన సంగతి. అది చదివిన రోజు, నా బడిలో పిల్లవాడి తల్లి ఒకామె, వేలితో అక్షరాలను తడుముతూ తలెత్తి అడిగింది:

"అయ్యోరా, ఇది నిజంగా జరిగిందా? మనమూ మూయించొచ్చా?"

జరిగిందని నాకు తెలుసు. పత్రికల్లో చదివాను. కాని సారా వేలంపాట పాడినవాడు ఊళ్ళో పెద్దమనిషి, నేను ప్రభుత్వోద్యోగిని. "పాఠమే గదమ్మా, ముందు గుణింతాలు దిద్దు" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. నెల తిరగకముందే ఆమే పదిమందిని వెంటబెట్టుకొని కొట్టు ముందు కూర్చున్నది. నేను కిటికీలోంచి చూచాను. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండవది 1997లో పోయింది.

గ్లాసు చేతిలో ఉండగా మనసు ఒక సులువైన తీర్పు చెప్పబోయింది. ఇక్కడ చేసినవాడి పేరు గోడమీద ఉన్నది, తాగేవాడు వాడి ఇరుగుపొరుగు, కనుక ఇది మర్యాద తెలిసిన పానీయం, మనది కాదు, అని. బయట రెండు పెద్ద గుర్రాలు పీపాల బండిని లాగడం చూచి ఆ తీర్పు మరింత ముచ్చటగా తోచింది. కాని అమ్మాయి ఆ ముచ్చట చెడగొట్టింది. 1830లో ఇక్కడి పార్లమెంటు, రెండు గినీలు కట్టినవాడెవడైనా బీరు అమ్ముకోవచ్చునని చట్టం చేసిందట. రెండేళ్ళకే, 1832లో, ప్రెస్టన్ అనే ఊళ్ళో కొందరు శ్రామికులు బీరుతో సహా మద్యమేదీ ముట్టమని ప్రతిజ్ఞ చేశారట. "ఇక్కడా దూబగుంటలున్నాయి నాన్నా" అన్నది.

గ్లాసు దించి పెట్టి మంచినీళ్ళడిగాను. ఆ పెద్దమనిషి ఏమీ అనుకోలేదు. ఆయన పనితనాన్ని మాత్రం మనసారా మెచ్చుకొని వచ్చాను. మెచ్చుకోవడానికి తాగనక్కరలేదు.

ఆ తల్లి నాకంటె పదేళ్ళు పెద్దది. ఇప్పుడున్నదో లేదో. నేనివ్వని జవాబు ఆమెకు ఇక అక్కరలేదు, తానే రాసుకొన్నది. నాకే బాకీ మిగిలింది.

మిత్రులకొక విన్నపం. ఆనాటి అక్షరాస్యతా వాచకాలు ఎవరి అటకమీదనైనా ఉంటే తెలియజేయండి. నా ప్రతి ఇల్లు మారినప్పుడు పోయింది. ఆ పాఠాన్ని, ఆమె వేలు నిలిచిన ఆ వాక్యాన్ని, మరొక్కసారి చూడాలని ఉన్నది.