మళ్లీ బందరు చూశాం

మేము అన్నదమ్ములిద్దరం మచిలీపట్నం వదిలి నలభై ఏళ్లు దాటింది. ఉద్యోగాలు, పిల్లల చదువులు, వారి పెళ్లిళ్లు అన్నీ అయిన తరువాత, మొన్న నవంబరులో విజయవాడలో కలుసుకొని బందరు బస్సెక్కాం. డెబ్బయి కిలోమీటర్ల దారి. ఉయ్యూరు, పామర్రు దాటేదాకా కబుర్లు చెప్పుకొన్నాం. ఆ తరువాత ఇద్దరికీ మాట రాలేదు.

బందరు చాలా పాత రేవు. 1611లోనే ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. 1841లో వచ్చిన నోబుల్ దొరగారు 1843లో బడి పెట్టారు. అదే పెరిగి నోబుల్ కాలేజీ అయింది. ఆయన ఈ ఊరిలోనే ఉండి 1865లో కన్నుమూశారు. అంతకు ఏడాది ముందు, 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పైవేలమంది పోయారు. సముద్రం బందరుకు అన్నమూ పెట్టింది, దుఃఖమూ పెట్టింది.

ముందుగా కోనేరు సెంటరుకు వెళ్లాం. మేము హాస్టల్లో ఉన్నప్పుడు చిల్లర పోగుచేసి ఒక్క తొక్కుడు లడ్డు కొని ముగ్గురం పంచుకొనేవాళ్లం. సెనగపిండి వండి, రోట్లో దంచి, బెల్లంపాకం, నెయ్యి పోసి మళ్లీ దంచి చుట్టే ఆ లడ్డు రుచి మారలేదు. ఈసారి కిలో కొన్నాం గాని, చెరొక ముక్క తినేసరికి చాలనిపించింది. ఆ మూడవవాడు మా పక్కన లేడు.

మేము చదివిన మిషన్ బడి ఆవరణలో కొత్త గదులు లేచాయి. పెంకుటింటి హాస్టలు లేదు. పాత వరండా, దాని ముందు వేపచెట్టు మాత్రం ఉన్నాయి. ఆ వరండాలోనే లెక్కల మాస్టారు మమ్మల్ని నిలబెట్టారు.

అది 1977 నవంబరు 18, శుక్రవారం. మా ఊరు దివిసీమలో నాగాయలంక అవతల. వారం చివర ఇంటికి వెళ్లాలని సంచులు సర్దుకొన్నాం. మేమిద్దరం వడ్డీలెక్కలు చేయలేదు. "అవి పూర్తయ్యేదాకా కదలడానికి వీల్లేదు" అన్నారు మాస్టారు. మా గదిలో ఉండే పక్క ఊరి కుర్రవాడు అన్నీ సరిగా చేశాడు. వాడికి సెలవు దొరికింది. వాడు నవ్వుతూ చేయి ఊపి వెళ్లాడు. మేము మాస్టారిని తిట్టుకొంటూ కూర్చున్నాం.

మరునాడు, శనివారం, ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ తుపానులో పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. మా నాన్న తాటిచెట్టును కరచుకొని బ్రతికారు. అమ్మ దొరకలేదు. మా స్నేహితుడూ తిరిగి రాలేదు.

మేము బ్రతికామని అందరూ దేవుని స్తుతించారు. మేము మాత్రం మాస్టారిని క్షమించలేకపోయాం. ఆ రోజు ఇంటికి వెళ్లివుంటే అమ్మ చేయి పట్టుకొనేవాళ్లమని లోలోపల అనుకొనేవాళ్లం. "మీరు వచ్చివుంటే నాకు ఎవరూ మిగిలేవారు కాదురా" అని నాన్న ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. రెండేళ్లు మాస్టారే మా మెస్సు డబ్బు కట్టారు. పదవ తరగతి అయ్యాక ఆయనకు చెప్పకుండానే వెళ్లిపోయాం.

బడి కాపలాదారు మాస్టారి ఇల్లు చూపించాడు. ఆయన పోయి చాలా ఏళ్లయిందట. ఆయన భార్య, పెద్ద వయసు, అరుగుమీద కూర్చొని ఉన్నారు. మేమెవరమో చెప్పగానే కాసేపు మా ముఖాలు చూసి, "నాగాయలంక పిల్లలా నాయనా!" అన్నారు.

మాలో పెద్దవాడు, "అమ్మగారూ, ఆ రోజు మాస్టారు ఆపబట్టే మేమున్నాం. ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకొని, "మిమ్మల్ని ఆపిన సంగతి ఆయన ఎప్పుడూ అనలేదు బాబూ. 'ఆ రెండోవాణ్ణి నేనే పంపించాను' అని మాత్రం రాత్రులు లేచి కూర్చొనేవారు" అన్నారు.

మేమిద్దరం తల వంచుకొన్నాం. ఆయన్ని కఠినుడనుకొన్నాం గాని, మా స్నేహితుని బరువు ఆయన ఒక్కరే మోశారని ఎరుగం. ఒక్కసారి వచ్చి పలకరించివుంటే ఆయన బరువు కొంతైనా తగ్గేదేమో. లడ్డు పొట్లం ఆమె చేతికిచ్చి, ఆమెతో కలిసి ప్రార్థించి లేచాం.

మరునాడు పులిగడ్డ అక్విడక్టు మీదుగా మా ఊరికి వెళ్లాం. 1977 తరువాత ఆ ప్రాంతంలో కట్టిన తుపాను ఆశ్రయ భవనాలు కనిపించాయి. పొలాల్లో వరి పండి వంగి ఉంది. అమ్మకు సమాధి లేదు గనుక కాలువగట్టున కొంతసేపు నిలబడ్డాం.

చదువరులారా, మీకు చదువు చెప్పినవారు ఇంకా బ్రతికి ఉంటే, ఈ వారమే వెళ్లి పలకరించండి. మేము ఆలస్యం చేశాం. మీరు చేయకండి.