తాళం వేసిన ఇంటికి నీళ్ళ బిల్లు

కూకట్‌పల్లి,
మే 29.

వదినా,

"ఇంటికి తాళం వేసి వచ్చాను, చుక్క నీళ్ళు వాడటం లేదు, నాకు ట్యాంకర్ డబ్బులేమిటి?" అని వాయిస్ మెసేజ్ పెట్టావు. న్యాయమైన ప్రశ్నే. ఫోనులో జవాబు చెప్పబోతే మధ్యలో మనవరాలు ఏడుస్తుంది, లేదా ఇక్కడ కాలింగ్ బెల్లు మోగుతుంది. పైగా ఈ ఏడు అసోసియేషన్ ట్రెజరర్ పదవి నా నెత్తిన పెట్టారు కాబట్టి నేను చెప్పేది లెక్కతో సహా ఉండాలి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మెల్‌బోర్న్‌లో చలి మొదలైందన్నావుగా, ఇది చదివి కాస్త వేడెక్కు.

ఇక్కడ రోహిణి కార్తె. రోళ్ళు పగలడం నేనెప్పుడూ చూడలేదు గానీ, గేటు ముందు పోయినేడు వేయించిన టైల్స్ మూడు ఎండకి ఉబ్బి పైకి లేచిపోయాయి. పిల్లలు వాటినే వికెట్లుగా పెట్టుకుని ఆడుతున్నారు. 102 వాళ్ళ కారు అద్దం ఇంకా పగల్లేదు, సెలవులింకా ఉన్నాయి.

ముందు నీళ్ళ సంగతి. రెండో బోరు మార్చి చివర్లోనే గాలి కక్కడం మొదలుపెట్టింది. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, ఆ తర్వాత పైపులో దగ్గు. ఆపి, గంటన్నర ఊరనిచ్చి మళ్ళీ వెయ్యాలి. ఒట్టిగా తిరిగితే మోటారు కాలిపోతుందని వాచ్‌మన్ రాత్రి అలారం పెట్టుకుని లేచేవాడు. నేనే పోరు పెట్టి, నీళ్ళు తగ్గితే దానంతటదే ఆగిపోయే పరికరం బిగించాను. వాటర్ బోర్డు వాళ్ళ గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి నూట ఎనభై కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసి రోజు విడిచి రోజు మన సంపులోకి వస్తాయి, వచ్చినంత సేపు వస్తాయి. ఇంటికి నెలకి 20 వేల లీటర్లు ఉచితమని 2021 నుంచి వింటున్నాం. ఉచితమే, కాదనను. రావాలిగా!

ఇళ్ళకి నీళ్ళ ఏర్పాటు చేసేటప్పుడు మనిషికి రోజుకి 135 లీటర్లు అని లెక్క వేస్తారు. మనకి ఇరవై ఫ్లాట్లు, ఇంటికి నలుగురనుకుంటే ఎనభై మంది, అంటే రోజుకి 10,800 లీటర్లు. మీ అల్లుడుగారినడుగు, ఆ మెల్‌బోర్న్‌లో పెద్ద కరువు నడుస్తున్నప్పుడు, 2008లో, మనిషి రోజుకి 155 లీటర్లు దాటొద్దని ప్రభుత్వమే జనాన్ని బతిమాలుకుంది. కరువులో వాళ్ళకి పొదుపు అనిపించిన అంకె మన మామూలు అంకె కన్నా ఎక్కువే. ఈ మాట మొన్న మీటింగులో అంటే 401 ఆయన, "అయితే మనం బాగానే ఉన్నట్టేగా మేడమ్" అన్నారు. లెక్కల టీచరుగా చేసిన సర్వీసులో ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను.

మొత్తానికి ఏప్రిల్ నుంచి ట్యాంకర్లు తప్పలేదు. బోర్డు ట్యాంకర్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియదు, ప్రైవేటు వాడు పిలిచిన గంటకి వస్తాడు. ఐదు వేల లీటర్లంటాడు, పైపు సంపులో పడేసి వెళ్ళిపోతాడు. అవి ఐదు వేలో కాదో ఇన్నేళ్ళలో ఎవరం చూశాం? మన సంపు లోపల కొలిస్తే పన్నెండడుగులు, పదడుగులు. అందులో అంగుళం ఎత్తు నీళ్ళంటే 283 లీటర్లు. ఐదు వేలు నిజంగా దింపితే పదిహేడున్నర అంగుళాలు పెరగాలి. వాచ్‌మన్ చేత వెదురు కర్ర తెప్పించి అంగుళం అంగుళానికీ గాటు పెట్టించాను. ట్యాంకర్ రాకముందు ముంచి చూడటం, వెళ్ళేముందు మళ్ళీ ముంచి చూడటం. మొదటి రోజే పదిహేను గాట్ల దగ్గర ఆగింది. ఏడు వందల యాభై లీటర్లు తక్కువ. డ్రైవర్‌ని అడిగితే "స్పీడ్ బ్రేకర్ల మీద ఒలికిందమ్మా" అన్నాడు. ఇప్పుడు కర్ర చూడగానే ట్యాంకర్లు నిండుగా వస్తున్నాయి. మన వీధిలో స్పీడ్ బ్రేకర్లు అన్నీ అలాగే ఉన్నాయి.

ఇక నీ ప్రశ్న. నెలవారీ మెయింటెనెన్స్ తాళం వేసిన ఇంటికీ పూర్తిగా పడుతుంది, అందులో మొహమాటమేమీ లేదు. లిఫ్టు సర్వీసు, వాచ్‌మన్ జీతం, మెట్ల మీద లైట్లు, జనరేటర్ డీజిలు నువ్వు ఊళ్ళో లేవని ఆగవు. నీ ఇంటికి దొంగలు రాకుండా కాసే మనిషి జీతమే కదా అది. కానీ ట్యాంకర్ డబ్బులు వేరు, అది వాడకం. మూణ్ణెల్లకి మించి ఊరెళ్ళి, ముందుగా రాసిచ్చినవాళ్ళకి ట్యాంకర్ వాటా వద్దని తీర్మానం నేనే రాసి మినిట్స్ బుక్కులో ఎక్కించబోయాను. అంతలో 203 ఆవిడ వచ్చి, వాళ్ళ బాత్రూమ్ సీలింగ్‌కి చెమ్మ దిగుతోందంది. వాళ్ళ పైన నువ్వే.

నువ్విచ్చిన తాళంచెవితో తీశాను, 203 ఆవిడ్నీ వాచ్‌మన్ భార్యనీ తోడు పెట్టుకుని. ఇల్లు బాగానే ఉంది. హాల్లో క్యాలెండర్ మార్చి దగ్గరే ఉంది, నేను తిప్పలేదు. కుళాయిలన్నీ చూశాం, ఒక్కటీ కారడం లేదు. పెద్ద బాత్రూమ్‌లో ఫ్లష్ ట్యాంక్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది, చప్పుడేమీ లేదు. నాకెందుకో అనుమానం వచ్చి మూత తీసి, బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు అందులో వేశాను. ఎవరూ ఫ్లష్ చెయ్యలేదు. పది నిమిషాలాగి చూస్తే కమోడ్ లోపలి గోడ మీద నుంచి నీలం దారాలు రెండు సన్నగా కిందికి దిగుతున్నాయి. అడుగున రబ్బరు మూత ఎండి, వంకర తిరిగి సరిగ్గా కూర్చోవడం లేదు. పక్కనున్న వాల్వు కట్టేసి, ట్యాంక్ లోపల నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాను. గంట తర్వాత చూస్తే పది లీటర్ల ట్యాంకు సగమైంది. గంటకి ఐదు, రోజుకి 120 లీటర్లు. నువ్వు తలుపుకి తాళం వేసి విమానం ఎక్కినా, నీ ఫ్లాట్‌లో దాదాపు ఒక మనిషి వాడే నీళ్ళు రాత్రీ పగలూ పోతూనే ఉన్నాయి. కమోడ్ కింద జాయింటు బీట వారి ఉంది, ఈ ధారలోనే కొంత అక్కడి నుంచి 203కి దిగింది.

ప్లంబర్ రబ్బరు మార్చి, జాయింటు విప్పి మళ్ళీ వేశాడు. మొత్తం ఎనిమిది వందలు, నేను ఇచ్చేశాను. 203 ఆవిడ సీలింగ్ ఆరాక సున్నం వేయించుకుంటానంది, డబ్బు ప్రసక్తి తేలేదు. నువ్వే ఒక మాట మాట్లాడు, బాగుంటుంది. ప్రెసిడెంటుగారు మాత్రం ఊరుకోలేదు. "303 ఊళ్ళో లేదు గానీ నీళ్ళలో ఉంది" అని గ్రూపులో పెట్టారు. నీకు కోపం వస్తుందని తెలుసు, నాకూ వచ్చింది. రబ్బరు ఎండిపోవడం ఎవరి నేరమూ కాదు, ఇలాంటివి మరో ఐదారు ఇళ్ళలో ఉండి ఉంటాయి. నీలిమందు సీసా పట్టుకుని అన్ని ఇళ్ళూ తిరుగుతానంటే ముగ్గురే సరేనన్నారు. వాళ్ళలో ఇద్దరి ట్యాంకులు కారుతున్నాయి!

అందుకే తీర్మానం మార్చాను. తాళం ఉందా లేదా అన్నది కొలత కాదు, మీటర్ కావాలి. పాత అపార్ట్‌మెంట్లలో ఇది చెప్పినంత తేలిక కాదు. పై ట్యాంక్ నుంచి నీళ్ళు ఒకే పైపులో ఫ్లాట్‌కి రావు. రెండు బాత్రూములకి రెండు, వంటింటికొకటి, బట్టలుతికే చోటికొకటి, డక్ట్‌లో ఎక్కడికక్కడ దిగుతాయి. అంటే ఇంటికి నాలుగు మీటర్లు, ఇరవై ఇళ్ళకి ఎనభై. ఖర్చు చూసి కొందరు గుండెలు బాదుకున్నారు. ఇద్దరే ఉండే 104 దంపతులు వెంటనే చేతులెత్తారు, ఆరుగురున్న 501 వాళ్ళు "అపార్ట్‌మెంట్ అంటే కుటుంబంలాంటిదండీ" అన్నారు. కుటుంబం మాట ఎప్పుడూ ఎక్కువ వాడుకునేవాళ్ళే ఎత్తుతారు, గమనించావా?

502 ఆయన వాదన వేరు. మీటర్లకి పెట్టే డబ్బుతో మూడో బోరు వేద్దామంటారు. ఒక ఆదివారం ఎక్కడి నుంచో ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పార్కింగంతా నెమ్మదిగా నడిచాడు. కాయ లేచి నిలబడ్డ చోట జల ఉన్నట్టు. 102 వాళ్ళ కారు దగ్గరికి రాగానే లేచింది. ఆ కారు అక్కణ్ణుంచి తీయించడం కన్నా పాతాళగంగని రప్పించడం తేలిక. అయినా మన కింద ఉన్నది గ్రానైటు రాయి. నీళ్ళుండేది పైన చివికిన పొరలో, ఆ కింద రాతి పగుళ్ళలో. పగులు తగిలితే పడతాయి, తగలకపోతే వెయ్యి అడుగులు దిగినా తెల్లటి దుమ్మే. పక్క వీధిలో వేసిన బోరు ఒకటి అలాగే దుమ్ము కక్కి ఊరుకుంది. బోరు వెయ్యాలంటే అనుమతి తీసుకోవాలని వాల్టా చట్టం 2002 నుంచి చెబుతోంది. బోరు లారీలు మాత్రం అర్ధరాత్రి వచ్చి తెల్లారేలోపు వెళ్ళిపోతాయి.

నేనేమో ఇంకుడు గుంతల పక్షం. నువ్వు సెక్రటరీగా ఉన్నప్పుడు తవ్వించిన రెండూ పూడిపోయాయి. మొన్న తీయించాం. పై ఇసుక పొర బురద కట్టి సిమెంటులా గట్టిపడింది, ఆకులూ ప్లాస్టిక్ సంచులూ సరేసరి. కంకర కడిగించి, అడుగున పెద్ద రాయి, పైన చిన్న కంకర, ఆ పైన కొత్త ఇసుక వేయించాను. మన డాబా నాలుగు వేల చదరపు అడుగులు. ఒక్క సెంటీమీటరు వాన పడితే 3,700 లీటర్లు. రెండు సెంటీమీటర్లంటే దాదాపు ట్యాంకరున్నర, వాడి స్పీడ్ బ్రేకర్ల బెడద లేకుండా. ఈ అంకె వినగానే 401 ఆయన కూడా తలూపారు.

డాబా అంటే గుర్తొచ్చింది, ఇప్పుడది తెల్లగా మెరుస్తోంది. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కదా, 600 గజాలు దాటిన స్థలంలో కట్టే ఇళ్ళకి తప్పనిసరి. మనది పాతది కాబట్టి మన ఇష్టం. ఐదో అంతస్తు వాళ్ళు ఉమ్మడి ఖర్చుతో వేయించాలన్నారు, కింది వాళ్ళు "చల్లదనం మీకు, ఖర్చు మాకా?" అన్నారు. చివరికి సగం వాళ్ళు, సగం అసోసియేషన్. అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. రంగు ఆరకుండానే 304 ఆవిడ గుమ్మడి వడియాలు ఎండబెట్టడానికి చీర పరిచింది. చీర అంటుకుపోయింది. చీరంత మేర ఇప్పటికీ అక్కడ గళ్ళ ముద్రే. నీ ఆవకాయ వాటా మాత్రం జాడీలో భద్రం. ఈసారి జలాలు కాయ దొరికింది, టెంక గట్టిది, మెంతులు నువ్వు వేసినంతే వేశాను.

ఒక్క సంగతి మాత్రం ఎవరేమన్నా నేను వెనక్కి తగ్గలేదు. వెనకవైపు డ్రైనేజీ ఛాంబర్ పొంగింది. లోపల్నుంచి తీసినవాటి జాబితా రాయను, నువ్వు టిఫిన్ తింటూ చదువుతావు. ఎవరో ఫోన్ చేస్తే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, పాతికేళ్ళు కూడా ఉండవు. ఒకడు చొక్కా విప్పి మూత దగ్గర కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేశాడు. నేను మెట్ల మీద నుంచే అరిచాను. మనిషిని అలా దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచు, ఛాంబర్ లోపలి గ్యాసు మరీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. "ఎప్పుడూ ఇలాగే చేయిస్తాం కదా మేడమ్, మిషన్‌కి నాలుగింతలవుతుంది" అన్నారు ప్రెసిడెంటుగారు. కుర్రాళ్ళకి టీ తాగించి, వచ్చినందుకు కూలి ఇచ్చి పంపేశాను. మిషన్ మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. కింది అంతస్తు వాళ్ళు ఆ కంపుకి నన్ను తిట్టుకున్నారు. తిట్టుకోనీ. ఆ బిల్లు కూడా మెయింటెనెన్స్‌లోనే పడింది, నీ వాటాతో సహా, దాంట్లో మాత్రం నీకు మినహాయింపు అడగను.

చివరిగా నీ లెక్క. ఏప్రిల్, మే మెయింటెనెన్స్ నీ ఖాతా నుంచి వచ్చేసింది. ట్యాంకర్ వాటా ప్రస్తుతానికి పెండింగులో పెట్టాను, ప్లంబర్ ఎనిమిది వందలు వేరేగా పంపు. బాల్కనీలో కరివేపాకు బతికే ఉంది, మందారం పోయింది. అన్ని వాల్వులూ కట్టేశాను, నువ్వు వచ్చే ముందురోజు చెబితే తిప్పుతాను. వచ్చే ఆదివారం జనరల్ బాడీ, మీటర్ల మీద ఓటు. ఊళ్ళో లేనివాళ్ళు మెసేజ్ పెట్టినా చెల్లుతుంది. "సరే" అనో "కాదు" అనో ఒక్క ముక్క రాయి. అది ప్రెసిడెంటుగారికే నేరుగా పంపు, నాకు పంపావంటే 303 ఓటు కూడా నేనే వేసుకున్నానంటారు.

ఉంటాను, మోటారు వేసే వేళైంది.

నీ
వదిన