రాణిగంజ్‌లో ఆ శనివారం

ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారట అన్న మాట మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర చెవిన పడింది. 2017 మే 13, శనివారం. నోట్లు రద్దయి ఆరు నెలలు. అంతకు ముందు నెలంతా ఏటీఎంల మీద ‘నో క్యాష్’ కాగితాలు చూసి చూసి విసిగిన జనం. అందుకే ఆ మాటను ఎవరూ కొట్టిపారేయలేదు. “వైరస్ వచ్చిందంట, పైసల్ మొత్తం లాక్ అయితయంట” అని ఒకాయన చాయ్ గ్లాసు చేత్తో పట్టుకునే ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. ఆయన ముఖం గుర్తు లేదు. ఆ గొంతులో భయం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

నేనప్పుడు రాణిగంజ్‌లో పంపులు, బేరింగులు అమ్మే ఒక ఆఫీసులో అకౌంట్లు చూసేదాన్ని. మెట్లెక్కుతుంటే గ్రీజు వాసన, లోపలికి వెళ్తే యూపీఎస్ బ్యాటరీల ఘాటు వాసన. కొన్ని కంప్యూటర్లలో విండోస్ 7, గోడౌన్ వైపు ఉన్న పాతవాటిలో ఇంకా ఎక్స్‌పీ. అన్నిటికీ కలిపి ‘కామన్’ అని ఒక షేర్డ్ ఫోల్డర్. టాలీ డేటా, కొటేషన్లు, జీతాల షీట్లు, సేఠ్ గారి పాన్ కార్డు స్కాన్, ఎవరి పిల్లవాడిదో సైన్స్ ప్రాజెక్టు, అన్నీ అందులోనే. అది నడిమింట్లో అందరూ తెరిచే అల్మరా. దానికి తాళం ఉండాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. జులై 1 నుంచి జీఎస్టీ వస్తోంది కనుక లెడ్జర్లన్నీ సరిచేసి ఆ ఫోల్డర్‌లోనే పెడుతున్నాం.

ఆ పొద్దున సేఠ్ గారు గుమ్మంలోనే నిలబడి, “ఎవరూ మెయిల్ తెరవొద్దు” అన్నారు. వాట్సాప్‌లో వచ్చిన హెచ్చరికలన్నీ అదే చెప్పాయి మరి. ఇక మాటలు మొదలయ్యాయి. చైనా వాళ్ల పని అని ఒకరు. యాంటీవైరస్ కంపెనీలే వైరస్ వదులుతాయని ఇంకొకరు. జీఎస్టీ రాకుండా ఎవరో ఆపుతున్నారని మా డిస్పాచ్ ఆయన గట్టిగా వాదించాడు. మధ్యాహ్నం దాకా ఒక్క బిల్లూ కొట్టలేదు.

అప్పుడొచ్చాడు మా సిస్టమ్స్ అబ్బాయి, పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ నుంచి, బైక్ మీద, ఎండకు వాడిపోయి. నీళ్లు కూడా తాగకుండా మూలనున్న నెట్‌వర్క్ స్విచ్ దగ్గర కూర్చుని నీలం కేబుళ్లు ఒక్కొక్కటే పీకాడు. పీకిన కొద్దీ దాని మీద పచ్చ లైట్లు ఆరిపోతున్నాయి. “అక్కా, మెయిల్ కాదు. ఇది షేరింగ్‌లోంచి దూకుతది. ఎవరూ క్లిక్ చెయ్యాల్సిన పని లేదు” అన్నాడు. తర్వాత నన్ను పిలిచి ‘కామన్’ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి పర్మిషన్ల పెట్టె తెరిచాడు. పైన ‘ఎవ్రీవన్’. కింద ‘ఫుల్ కంట్రోల్’కు ఎదురుగా టిక్కు. అన్నేళ్లు ఆ ఫోల్డర్‌లో పనిచేసి ఆ పెట్టెను నేను చూడటం అదే మొదటిసారి.

మెయిల్ కాదని అతను చెప్పిందే నిజం. ఆ వైరస్ పేరు వన్నాక్రై. అది దూరింది విండోస్ ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే పాత పద్ధతిలోని లోపం గుండా. ఆ లోపాన్ని వాడుకునే పనిముట్టు ఎటర్నల్‌బ్లూ. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ దగ్గర తయారైన దాన్ని షాడో బ్రోకర్స్ అనే ముఠా ఏప్రిల్‌లో బయట పెట్టింది. ఒక కంప్యూటర్‌లో చొరబడితే చాలు, అదే నెట్‌వర్క్‌లో ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్ లేని ప్రతి కంప్యూటర్‌కూ తనంతట తాను పాకేది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని ఎర్ర కిటికీ చూపించేది. మూడు రోజులు దాటితే 600. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. మన దగ్గర చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు సోకింది. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయని తర్వాత చదివాం.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒక తేదీ. విండోస్ 7కు ఆ ప్యాచ్ మార్చి 14నే విడుదలైంది. దాడికి రెండు నెలల ముందు! ఎప్పుడో మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి మాత్రం దాడి మొదలయ్యాకే హడావిడిగా ఇచ్చారు. దాడి చేసిందెవరని మేం పొద్దంతా కొట్టుకున్నాం. ఉత్తర కొరియా అని అమెరికా అధికారికంగా ప్రకటించింది డిసెంబర్‌లో. ఆ జవాబు శనివారమే తెలిసినా మా గోడౌన్ కంప్యూటర్‌కు ఒరిగేదేమీ లేదు.

మా ఆఫీసుకు ఏమీ కాలేదు. సోమవారమో మంగళవారమో, సరిగా గుర్తు లేదు, ప్యాచ్‌లు వేసి కేబుళ్లు తిరిగి పెట్టారు. ఆ అబ్బాయి ఫోల్డర్‌ను విభాగాల వారీగా విడగొట్టి ఎవరికి ఏది తెరుచుకోవాలో రాసిచ్చాడు. కొటేషన్లు దొరకడం లేదని డిస్పాచ్ వాళ్లు గొడవ పెట్టారు. కొన్నాళ్లకు మళ్లీ అందరికీ తెరిచేశారు.

2019 మే మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ డిస్కంల మీద ఇలాగే ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగి ఆన్‌లైన్‌లో బిల్లు కట్టడం ఆగిపోయినప్పుడు నాకా పచ్చ లైట్లే గుర్తొచ్చాయి. 2025 జులైలో ఆఫీసుల్లో ఫైళ్లు పంచుకునే మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ వంతు వచ్చింది. క్లౌడ్‌లోది కాదు, సంస్థలు సొంత సర్వర్ల మీద నడుపుకునేది. ముందు ఇచ్చిన ప్యాచ్ చాలక, దాడులు మొదలయ్యాక మళ్లీ అత్యవసరంగా ఇవ్వాల్సి వచ్చింది. ఆ వారం ఇప్పటి నా ఆఫీసులో భోజనాల దగ్గర అవే మాటలు: చైనానా, లోపలివాళ్లే లీక్ చేశారా? ఈసారి చైనా ముఠాల పేర్లు మైక్రోసాఫ్టే చెప్పింది. కానీ మన సర్వర్‌కు ప్యాచ్ పడిందా అని అడిగినవాళ్లు ఆ బల్ల చుట్టూ ఒకరిద్దరే.

ఎవరు చేశారన్నది తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. మీరు మాత్రం రేపు ఆఫీసుకు వెళ్లగానే సిస్టమ్స్ వాళ్లను రెండు మాటలు అడగండి. అందరం వాడే ఆ ఫోల్డర్ ఎవరెవరికి తెరుచుకుంటుంది? చివరి ప్యాచ్ ఎప్పుడు వేశారు? వచ్చే వారం చూస్తామంటే ఒప్పుకోకండి.